అటక మీద మా మేనమామ

ఆ రోజుల్లో ట్రెయినింగు స్కూలు సర్టిఫికెట్టు చేతికొచ్చిన ఇరవై ఏళ్ళ కుర్రవాడికి లోకంలో తెలియని విషయమంటూ ఉండేది కాదు. అలాంటి కుర్రవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే వాడి మీద జాలీ, కాస్త అసూయా రెండూ కలుగుతాయి. జాలి ఎందుకంటే వాడికి నిజానికి ఏమీ తెలియదు. అసూయ ఎందుకంటే ఆ ఏమీ తెలియనితనంతోనే వాడు ఆరేడు నెలలపాటు, నేను ఈ జన్మలో మళ్ళీ చూడలేని వింత ఒకటి రోజూ చూశాడు. ఏలూరులో చదువు ముగించుకుని, కొల్లేటి అంచున ఒక చిన్న ఊళ్ళో మిషను బడికి మాష్టరుగా చేరిన మొదటి సంవత్సరం సంగతి ఇది. చేరిన వారంలోనే పిల్లలకి మూఢనమ్మకాల మీద పాఠం చెప్పేశాను. పిల్లి ఎదురొస్తే ఏమీ కాదన్నాను. బల్లి పలికితే ఏమీ కాదన్నాను. గుడ్లగూబ గురించి ఎవరూ అడగలేదు కాబట్టి దాని జోలికి పోలేదు.

వానాకాలంలో ఆ ఊరు సగం నీళ్ళలోనూ సగం బురదలోనూ ఉండేది. బడి ఊరిబయట పేటలో ఉండేది, దాని పక్కనే మాష్టరు ఉండడానికి ఒక తాటాకు పాక. నేను చేరిన పదో రోజున గాలివాన వచ్చి ఆ పాకను లేపి పక్క చేలో పడేసింది. ట్రంకుపెట్టె తలకింద పెట్టుకుని రెండు రోజులు బడి బల్లల మీదే పడుకున్నాను. ఊళ్ళో ఇల్లేదైనా అడిగి చూడమని నాకు ఎవరూ చెప్పలేదు. నాలాంటివాడికి ఊళ్ళో ఇల్లు దొరకదని ఆ రోజుల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. (నేనూ అలాంటి పేటలోనే పుట్టి చదువుకున్నవాణ్ణి. పంచె ఎంత తెల్లగా ఉతుక్కున్నా ఆ సంగతి ఎవరూ మరిచిపోయేవారు కాదు.) అలాంటిది మూడో రోజు పొద్దున్నే ఊళ్ళోంచి మామ్మగారు కబురు పెట్టారు.

మామ్మగారంటే ఆ ఊళ్ళో పెద్ద పెంకుటింటి యజమానురాలు. డెబ్బై ఏళ్ళు. భర్త పోయిన తర్వాత వరి సేద్యమంతా గట్టు మీద నిలబడి ఆవిడే చేయించేవారు. ఆ జ్యేష్ఠమాసంలో ఒక సాయంత్రం ఆవిడ దీపం పెడుతుండగా గుడ్లగూబ ఒకటి కిటికీలోంచి వచ్చి నడింట్లో దూలం మీద వాలిందట. గుడ్లగూబ దూరిన ఇల్లు పాడుపెట్టాలని మా వైపు ఆచారం. అంటే ఇంటిల్లిపాదీ బయటికి వచ్చేసి, చెప్పినన్ని నెలలు ఆ గడప తొక్కకుండా ఉండాలి. గుండుగొలను సిద్ధాంతిగారు పంచాంగం చూసి ఆరు నెలలన్నారు. మామ్మగారు మారు మాట్లాడకుండా వంటసామాను తీసుకుని వెనక దొడ్లో పాక వేయించుకుని అందులోకి మారిపోయారు. ఆవిడ బాధల్లా ఒకటే, మనిషి మసలని ఇంటికి చెదలు పడతాయని. ఇంటివాళ్ళు ఉండకూడదు సరే, కిరస్తానం మాష్టరు ఉంటే ఫరవాలేదా అని సిద్ధాంతిగారిని అడిగించారట. ఆయన చాలాసేపు ఆలోచించి, “వాళ్ళ ప్రసక్తి మా గ్రంథాల్లో లేదు” అన్నారట. ప్రసక్తి లేదు కాబట్టి అభ్యంతరమూ లేదు. ఆ విధంగా గ్రంథాల్లో లేకపోవడం వల్ల నాకు ఆ ఇల్లు దొరికింది.

“వీధి గది వాడుకో మాష్టరూ, అద్దె వద్దు” అన్నారు మామ్మగారు. “పొద్దున్నా సాయంత్రమూ ఇల్లంతా ఊడ్చి, తలుపులు తీసి గాలి ఆడనివ్వు. ఆ పిట్ట గానీ మళ్ళీ వస్తే నాకు చెప్పు. నీకేం భయం లేదు కదా?”

“మేం చదువుకున్నవాళ్ళమండి. పిట్ట పిట్టేనండి” అన్నాను. ఆ మాట ఏ గొంతుతో అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పిట్ట మళ్ళీ రావడం కాదు, అసలు వెళ్ళనేలేదని నాకు మొదటి సాయంత్రమే తెలిసింది. చీకటి పడబోతుండగా అరుగు మీద కూర్చుని కాళ్ళు ఊపుకుంటున్నాను. నెత్తి మీద గోడకీ పెంకులకీ మధ్య జానెడు సందు ఉంది. అందులోంచి గొంతు చించుకున్నట్టు ఒక అరుపు వచ్చింది. తలెత్తి చూస్తే సందులో ఒక ముఖం. తమలపాకు ఆకారంలో తెల్లటి ముఖం, అందులో రెండు నల్లటి కళ్ళు, అవి తిన్నగా నన్నే చూస్తున్నాయి. నేను చిన్నప్పటి ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలో పదమూడో ఎక్కంలోకి వెళ్ళిపోయాను. పదమూడు ఏళ్ళు ఎంతో తేలేలోగా ఆ ముఖానికి రెక్కలొచ్చి నా తలకి మూరెడు ఎత్తులోంచి వెళ్ళిపోయింది. గాలి తగిలింది, చప్పుడు మాత్రం లేదు. కాకి లేస్తే చప్పుడవుతుంది, పావురం లేస్తే చప్పుడవుతుంది, అంత చిన్న దోమ వచ్చినా చెవికి తెలుస్తుంది. బారెడు రెక్కలు కళ్ళముందు ఆడుతుంటే ఏమీ వినపడకపోవడం నేనెన్నడూ ఎరగను. నా చెవులే పోయాయేమోనని చిటిక వేసి చూసుకున్నాను. చిటిక వినబడింది. అప్పుడు భయం పోయి దాని స్థానంలో ఇంకేదో వచ్చింది. దానికి పేరు నాకు ట్రెయినింగు స్కూల్లో చెప్పలేదు. మర్నాడు సాయంత్రం బడి వదలగానే పరుగెత్తుకుంటూ వచ్చి అదే అరుగు మీద, అదే చోట కూర్చున్నాను.

అలా మొదలైంది. శ్రావణం వచ్చేసరికి అవి రెండని తెలిసింది. వీపు పండిన వరి రంగు, దాని మీద నువ్వులు జల్లినట్టు చుక్కలు, పొట్ట తెలుపు. మగదాని పొట్ట మరీ తెలుపు. భాద్రపదంలో కొల్లేరు పొంగి ఊరి చేలదాకా వచ్చింది. తుంగ మునిగింది, దారి మునిగింది, ఎలుకలన్నీ ప్రాణాలరచేతిలో పెట్టుకుని గట్ల మీదికి ఎక్కాయి. సాయంత్రం నీళ్ళ మీద ఇంకా వెలుతురు మిగిలి ఉండగా మగపిట్ట గట్టు వెంబడే వెళ్ళేది. ఎగురుతూ ఎగురుతూ గాలిలో ఒక్కచోట ఆగిపోయేది. ఆగి, తల ఇటూ అటూ తిప్పి వినేది. చూసేది కాదు, వినేది. గడ్డిలో కనపడని ఎలుక మీదికి కాళ్ళు చాచి దిగేది. ఆ పట్టులో తప్పు జరగడం నేను చాలా తక్కువగా చూశాను. పగలంతా నేను పిల్లలకి “శ్రద్ధగా వినండర్రా” అని బెత్తం పట్టుకుని చెప్పేవాణ్ణి. శ్రద్ధగా వినడమంటే ఏమిటో సాయంత్రం అది నాకు చూపించేది. మింగిన ఎలుకల బొచ్చూ ఎముకలూ అది తర్వాత నల్లటి ఉండలుగా కక్కేది. నేను వాటిని పోగుచేసి, నీళ్ళలో నానబెట్టి, విప్పి, పుర్రెలు ఎండబెట్టి ట్రంకుపెట్టెలో బైబిలు పక్కన దాచుకునేవాణ్ణి. (ఒకసారి ఏలూరు నుంచి మా అమ్మ వచ్చి నా బట్టలు ఉతుకుదామని ఆ పెట్టె తెరిచింది. ఆవిడ ఏమందో ఇక్కడ రాయను.)

ఆశ్వయుజంలో ఆడపిట్ట బయటికి రావడం మానేసింది. నిచ్చెన వేసుకుని అటకలోకి తల పెట్టి చూశాను. పాత చేటల వెనక, ఎలుకబొచ్చు పరుపు మీద, తెల్లటి గుడ్డు ఒకటి. రెండు రోజులకి రెండోది, అలా ఐదు. నెలరోజులపాటు ఆ తల్లి వాటి మీంచి లేచిందంటే ఏ క్షణమో. మగది ఎలుకను తెచ్చి, తను తినకుండా, దాని ముందు పెట్టి, గొంతులో ఏదో చిన్నగా అనేది. కార్తీకంలో గుడ్లు పగిలాయి. అవీ వరసగానే, మొదటి పిల్ల తల ఎత్తి నోరు తెరవడం నేర్చాక గానీ ఐదోది బయటపడలేదు. అందుకని పెద్దది పిల్లికూన అంత ఉంటే చిన్నది పిడికిలంత ఉండేది. ఇది బతకదులే అనుకున్నాను. ఒక సాయంత్రం పెద్దది ముక్కున కరుచుకున్న మాంసం ముక్కని తను మింగకుండా పక్కకి నడిచి చిన్నదాని ముక్కు దగ్గర పెట్టింది. మా ఇంట్లో నేనే పెద్దవాణ్ణి, తమ్ముళ్ళ కంచాల్లోంచి లాక్కుని తిన్నవాణ్ణి.

ఇదంతా చూస్తూనే మామ్మగారికి అబద్ధం చెబుతున్నాను. ఆ సందు వీధి వైపుది, దొడ్లో పాకకి కనబడదు. ఆవిడ ప్రతి ఆదివారం సాయంత్రం గేటు బయట నిలబడి, “ఏం మాష్టరూ, పిట్ట మళ్ళీ వచ్చిందా?” అని అడిగేవారు. “లేదండి” అనేవాణ్ణి. నిజం చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. సిద్ధాంతిగారు ముందే చెప్పి ఉంచారు, పిట్ట మళ్ళీ కనబడితే అటకలో మిరపకాయల పొగ పెట్టి, సందు ఇటుకలతో మూసి, అక్కడినుంచి మళ్ళీ ఆరు నెలలు లెక్కపెట్టాలని. మామ్మగారికి ఆ ఆరు నెలలు లేవు. తాడేపల్లిగూడెంలో ఇచ్చిన మనవరాలు తొలికాన్పుకి వచ్చి ఆ పాకలోనే ఉంది. తల్లి లేని పిల్ల. ఆ తల్లి పుట్టిందీ, ఈ పిల్ల పుట్టిందీ ఆ పెంకుటింటి పడమటి గదిలోనే. పుష్యంలో నెలలు నిండుతాయి. మార్గశిరంలో ఆరు నెలలూ తీరుతాయి కాబట్టి ఆ నెలలోనే ఇల్లు కడిగించి, శుద్ధి చేయించి లోపలికి వెళ్ళడానికి ముహూర్తం పెట్టుకున్నారు. అది దాటితే పుష్యం శూన్యమాసం, ముహూర్తాలుండవు. మళ్ళీ మాఘమే. “దాని బిడ్డ తాటాకు పాకలో పుట్టడం నేను బతికుండగా జరగదు” అని మామ్మగారు ఎన్నిసార్లన్నారో లెక్కలేదు. నిజం చెబితే పిట్ట పిల్లలు చస్తాయి, ఆవిడకి ఇల్లు పోతుంది. చెప్పకపోతే ముహూర్తానికి సున్నం వేసేవాళ్ళు అటకెక్కుతారు, అప్పుడైనా పిల్లలు చస్తాయి. నేను నాకు బాగా చేతనైన పని చేశాను. రేపు ఆలోచిద్దాంలే అనుకున్నాను.

ఇంతలో గురక వచ్చిపడింది. గుడ్లగూబ పిల్లలు ఆకలేస్తే అరవవు, గురక పెడతాయి. ఐదూ కలిసి పెడితే పెద్ద సంసారి భోంచేసి పడుకున్నట్టుంటుంది. ఒక ఆదివారం మామ్మగారు గేటు దగ్గర ఆగి చెవి ఒగ్గారు. “నువ్విక్కడుంటే లోపల గురక పెట్టేదెవరయ్యా?” అన్నారు.

“మా మేనమామండి” అన్నాను. ఆ మేనమామ అప్పుడే పుట్టాడు.

“అయ్యో, ఇంట్లో చుట్టం ఉంటే చెప్పవేం? ఒంట్లో బాగోలేదా ఏమిటి, ఆ గురక ఆయాసంలా ఉంది.”

“పగలంతా పడుకునే ఉంటారండి. సాయంత్రం లేస్తారు. ఎండ పడదండి ఆయనకి.”

“మరేం తింటారు?”

“మాంసం తప్ప ముట్టరండి.” నేను చెప్పిన ప్రతి మాటా నిజమేనని గమనించాలి, ఆ మేనమామ అన్న ఒక్కమాట తప్ప.

మర్నాటినుంచి మా మేనమామకి మర్యాదలు మొదలయ్యాయి. గేటు దగ్గర అరుగు మీద ఆకుదొప్పలో కొరమీను పులుసు, ఇంకోరోజు బాతుగుడ్ల కూర, ఆయాసానికి మిరియాల కషాయం. చుట్టం అన్నవాడు ఊళ్ళో ఉంటే, వాడు ఎవరి చుట్టమైనా సరే, పస్తుండనివ్వడం మామ్మగారికి చేతకాదు. పారేస్తే కాకులు పీక్కుంటూ పట్టిస్తాయని అన్నీ నేనే తినేవాణ్ణి. (కషాయం కూడా తాగేవాణ్ణి. న్యాయం న్యాయమే కదా.) మనవరాలు నడుము మీద చెయ్యి వేసుకుని దడి అవతలినుంచి అడిగేది, “మీ మావయ్యగారికి ఇవాళ ఎలా ఉందండీ మాష్టారూ?” అని. “కొంచెం రెక్కలొ… రెక్క నొప్పిగా ఉందటండి” అనేవాణ్ణి. ఆ అమ్మాయి పాపం వేడినీళ్ళ కాపడం పెట్టమని చెప్పేది. నా అబద్ధానికి అంత మంచి మనుషులు దొరకడం నాకు నిద్ర పట్టనిచ్చేది కాదు.

ముహూర్తం ఇంకా పది రోజులుందనగా పిల్లల రెక్కలు చూశాను. పెద్దదానికి ఈకలు సగం వచ్చాయి, చిన్నదానికి ఇంకా తెల్లటి నూగే. ఎంత లేదన్నా ఇంకో నెల పడుతుంది. ఆఖరి ఉపాయంగా కాలవగట్టు వెంబడి ఐదు మైళ్ళు నడిచి గుండుగొలను వెళ్ళి, సిద్ధాంతిగారి అరుగు కింద నిలబడి, మార్గశిరంలో పెట్టిన ఆ ముహూర్తంలో ఏదైనా దోషం ఉందేమో మరొక్కసారి చూడమని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని నన్ను కిందినుంచి పైదాకా చూశారు.

“నువ్వు మిషను మాష్టరువి కదూ?”

“చిత్తమండి.”

“నా ముహూర్తంలో దోషం పట్టడానికి మీ మిషనువాళ్ళు మనిషిని పంపారన్నమాట.”

“అబ్బే, నా సొంతానికేనండి.”

“ఏ దోషం కావాలి నీకు?”

“ఏదైనా ఫరవాలేదండి, చిన్నదైనా సరే, ఒక్క నెల వాయిదా పడేది.” ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. మూఢనమ్మకాలు వదిలెయ్యమని ఊళ్ళో పిల్లలకి నేను పాఠం చెబుతున్నానని తనదాకా వచ్చిందని మాత్రం అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఆ ఐదు మైళ్ళూ పదిహేను మైళ్ళయ్యాయి.

సున్నం వేసేవాళ్ళు మర్నాడు వస్తారనగా ఆ సాయంత్రం దొడ్లోకి వెళ్ళి మామ్మగారి పాక ముందు నిలబడి అంతా చెప్పేశాను. పిట్ట ఉందని, పిట్టలు రెండని, పిల్లలు ఐదని, ఆషాఢంనుంచీ అబద్ధం చెబుతున్నానని. మనవరాలు లోపలినుంచి వచ్చి గుంజ పట్టుకుని నిలబడింది. మామ్మగారు మామూలుగా నన్ను నువ్వు అనేవారు, కోపం వస్తే మీరు అనేవారు.

“మరి మీ మేనమామగారో?” అన్నారు.

“ఆయన లేరండి. పిల్లల గురకేనండి అది.”

“నేను పంపిన పులుసూ కూరా ఎవరు తిన్నారండీ?”

“నేనేనండి.”

“ఒళ్ళు చేశారని అనుకుంటూనే ఉన్నాను” అన్నారావిడ. మనవరాలు నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది. మామ్మగారు నవ్వలేదు. పెంకుటింటి వైపు తిరిగారు. ఆ ఇంటికీ ఆవిడకీ మధ్య ముప్ఫై అడుగుల దొడ్డి, నాలుగు రోజులు మాత్రమే మిగిలి ఉన్నాయి. తర్వాత లేచి, చీర చెంగు నడుముకి దోపి, “నిచ్చెన ఎక్కడుంది?” అన్నారు. శుద్ధి కాకుండా గడప తొక్కకూడదండి అని నేనే గుర్తు చేశాను. ఆవిడ ఒక్క చూపు చూశారు. నిచ్చెన బయటికి తెచ్చి సందు కింద గోడకి వేశాను. డెబ్బై ఏళ్ళ మనిషి, చేలో కుప్ప ఎక్కినంత తేలిగ్గా ఎక్కి, సందులో తల పెట్టారు.

లోపల గురక ఆగిపోయింది. ఐదు తెల్లటి ముఖాలు వరసగా నిలబడి, తలలు ఇటూ అటూ గుండ్రంగా ఊపుతూ ఆవిణ్ణి చూస్తున్నాయని కిందినుంచి చూడకుండానే నాకు తెలుసు. “ఇవేమిటి, హరికథకి వచ్చినవాళ్ళలా తలలూపుతున్నాయి” అన్నారు మామ్మగారు, గొంతు బాగా తగ్గించి. అంతలో చేలమీంచి తల్లి వచ్చింది. నేను కేక వేద్దామనుకునేలోపే అది ఆవిడ నెత్తిమీది నెరిసిన జుట్టు కదిలేంత దగ్గరగా వెళ్ళి, భుజం పక్కనుంచి సందులోకి దూరింది. చప్పుడు లేదు. ఆవిడ కదలలేదు. నిచ్చెన మెట్టు మీద ఆ ముసలి పాదాలు మాత్రం కొంచెం దగ్గరికి జరిగాయి. ఎంతసేపలా ఉన్నారో, కింద నిచ్చెన పట్టుకున్న నా చేతులు తిమ్మిరెక్కాయి. దిగి వచ్చాక ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి.

“పెద్దది తినకుండా చిన్నదానికి పెట్టిందయ్యా” అన్నారు. ఆ మాటతో మళ్ళీ నువ్వులోకి వచ్చేశారని నాకు ఆలస్యంగా తట్టింది. “ఎగరడానికి ఎన్నాళ్ళు పడుతుందంటావు?”

“నెల పడుతుందండి.”

ఆవిడ మనవరాలి వైపు చూశారు. ఆ అమ్మాయి ఎప్పుడొచ్చిందో, మా వెనకే నిలబడి చూస్తోంది. “పాకలో పురుడు పోసుకోగలవుటే?” అని అడిగారు. “ఇంట్లో కంటే పాకలో ఏం తక్కువ మామ్మా, నువ్వుంటావు కదా” అంది ఆ పిల్ల. అంతే. పుష్యంలో తాటాకు పాకలో పురుడు జరగనివ్వనని ఊరందరికీ చెప్పిన మనిషి, ఆ ఒక్క జవాబుతో సున్నం వేసేవాళ్ళని రావద్దని కబురంపారు.

మర్నాడు సిద్ధాంతిగారు వచ్చి ముహూర్తం ఎందుకు తప్పించారని అడిగారు. నేను అరుగు మూల నక్కి విన్నాను.

“పురుడొచ్చిన ఇంట్లో గృహప్రవేశం చేస్తారటండీ?” అన్నారు మామ్మగారు.

“చెయ్యరు. ఎవరికమ్మా పురుడు, అమ్మాయికి ఇంకా నెల ఉందిగా?”

“అటక మీద.”

సంగతి తెలిసి ఆయన తల పట్టుకున్నారు. “గుడ్లగూబకి పురుడేమిటమ్మా? ఎక్కడైనా ఉందా?”

“ఒక్క పిట్ట దూరితే ఇల్లు పాడుపెట్టాలన్నారు, పెట్టాను. అంత పట్టింపు ఉన్నదానికి పురుడు మాత్రం ఉండదా? కన్నబిడ్డలతో ఉన్నదానికి పొగ పెట్టి బయటికి తోలితే, రేపు నా పిల్లకి పురుడు నేను ఏ ముఖం పెట్టుకుని పోస్తాను? మీ గ్రంథాల్లో వద్దని ఎక్కడుందో చూపించండి.” ఆయన నిజంగానే వెళ్ళి చూశారట. వారం తర్వాత, ఆ ప్రసక్తి లేదని చెప్పి పంపారు.

ఆ పుష్యమాసం నా జీవితంలో నేను ఎరిగిన అతి గొప్ప నెల. కోతలైపోయాయి, కుప్పలు పడ్డాయి, ఎలుకలకి లోటు లేదు. రోజూ పొద్దుగుంకే వేళకి మామ్మగారు సందు కనబడేలా ఇంటి పక్కన నులకమంచం వేయించుకునేవారు. మనవరాలు దాని మీద, ఆవిడ పక్కన పీట మీద, నేను దడి దగ్గర మట్టిలో. ముగ్గురమూ పెంకుల వైపే చూసేవాళ్ళం. మొదటి పిల్ల సందులోంచి బయటికి వచ్చి, పెంకుల మీద రెండు రోజులు నడిచి, మూడో రోజు రెక్కలు విప్పి, తనే ఆశ్చర్యపోయినట్టు గడ్డివాము దాకా వెళ్ళి పడింది. అది ఎగిరినప్పుడు కూడా చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం ఎవరూ నేర్పకుండానే దానికి వచ్చేసింది. రెండోది, మూడోది, నాలుగోది. ఐదోది మిగిలిపోయింది. పిడికిలంత ఉండి నేను బతకదులే అనుకున్నది అదే. రోజూ అంచుదాకా వచ్చి, కిందికి చూసి, వెనక్కి వెళ్ళిపోయేది. తల్లి ఎలుకను పట్టుకొచ్చి ఎదురుగా కొబ్బరిమట్ట మీద కూర్చుని చూపించేది, ఇచ్చేది కాదు. “పెట్టవే దానికి, ఎంత కఠినమే నీది” అని మామ్మగారు తల్లిని తిట్టేవారు. నాలుగో సాయంత్రం ఆ పిల్ల అంచున నిలబడి ముందుకి వంగింది. మనవరాలు మామ్మగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది. పిల్ల జారింది, పడిపోయింది అనుకున్నాం. నేలకి బారెడు ఎత్తున రెక్కలు తెరుచుకుని, దడి దాటి, నా తల దాటి, మిగిలిన నలుగురూ తిరుగుతున్న చేల వైపు వెళ్ళిపోయింది. నేను పిచ్చివాడిలా చప్పట్లు కొడుతున్నాను. మామ్మగారు కొట్టడం లేదు. మనవరాలు చెయ్యి వదలడం లేదు. ఆ పట్టు పిట్ట కోసం కాదని ఆవిడకి అప్పటికే అర్థమైంది. “మాష్టరూ, మంత్రసానిని పిలుచుకురా, పరుగెత్తు” అన్నారు. తెల్లవారేసరికి తాటాకు పాకలో ఆడపిల్ల పుట్టింది. గురక లాంటి చిన్న చప్పుడు చేస్తూ నిద్రపోయిందని మంత్రసాని చెప్పింది.

మాఘంలో ఇల్లు కడిగారు. పిట్ట ఇంట్లోకి రాకుండా అటకకి లోపలివైపు చెక్కలు కొట్టించి, గోడ సందు మాత్రం మామ్మగారు అలాగే ఉంచేశారు. పేటలో నా కొత్త పాక సిద్ధమైంది కాబట్టి నేను ట్రంకుపెట్టె బయటపెట్టి, వీధిలో దాని మీద కూర్చుని ఉన్నాను. లోపల సిద్ధాంతిగారు గది గదికీ పసుపునీళ్ళు జల్లుతూ వచ్చి, నేనున్న వీధి గది గుమ్మం దగ్గర ఆగారు. “దీన్ని రెండుసార్లు అలికించాలమ్మా. పిట్ట సంగతి వేరు, ఆ కుర్రాడు ఇన్ని నెలలు మసిలాడు” అన్నారు. మామ్మగారు మునిమనవరాలిని ఎడమ భుజం మీదికి మార్చుకున్నారు. “ఆ గదికేం అక్కర్లేదండీ. అది శుభ్రంగానే ఉంది. పదండి” అన్నారు. అని, వీధిలోకి చూసి, “లోపలికి రా మాష్టరూ, భోంచేసి వెళుదువుగాని” అన్నారు.

ఆ మాటలన్నీ నా చెవిని పడ్డాయి. పడ్డాయే గానీ నేను వినలేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే గోడ సందులో తెల్లగా ఏదో కదిలినట్టయి, తల్లే తిరిగొచ్చిందేమోనని మెడ వెనక్కి వాల్చి అటే చూస్తున్నాను. “వస్తున్నానండి” అని పైకి చూస్తూనే అన్నాను. చూస్తూనే లోపలికి వెళ్ళాను, గడప ఎప్పుడు దాటానో కూడా గుర్తులేదు. అందరూ కూర్చున్న పంక్తిలోనే నాకు విస్తరి వేశారు. ఏం తిన్నానో గుర్తులేదు, భోజనమంతా పిట్ట గురించే మాట్లాడాను. ఆ ఊళ్ళో, ఆ రోజుల్లో, సిద్ధాంతిగారి ఎదుట ఆవిడ చేసిన పని ఎలాంటిదో నాకు తెలియడానికి ఇంకో పదిహేనేళ్ళు పట్టింది. తెలిసి, ఒక్కమాట చెప్పుకుందామని రైలెక్కి వెళ్ళేసరికి ఆవిడ లేరు. ట్రంకుపెట్టె మీద నోరు తెరుచుకుని పెంకుల వైపు చూస్తున్న ఆ ఇరవై ఏళ్ళ కుర్రవాడు ఇప్పటికీ నాకు కనిపిస్తూ ఉంటాడు. వాడిమీద కోపం రాదు, నవ్వొస్తుంది. వెనకనుంచి వెళ్ళి భుజం తట్టి, ఒరే, కాస్త కిందికి చూడరా, అందామనిపిస్తుంది.